మూతపడే కార్ల షోరూమ్ నుంచి వర్క్‌షాప్ సామాను ఎలా కొనుక్కోవాలి

కార్ల షోరూమ్ మూతపడుతోందని తెలిస్తే చాలామంది ముందున్న కార్ల మీద డిస్కౌంట్ ఎంతిస్తారని అడుగుతారు. మీకు గ్యారేజీ ఉన్నా, పెట్టాలనే ఆలోచన ఉన్నా, మీరు వెళ్లాల్సింది వెనక్కి, సర్వీస్ సెంటర్ వైపు. లిఫ్టులు, కంప్రెసర్, వీల్ అలైన్‌మెంట్ మెషిన్, టైర్ చేంజర్, హైడ్రాలిక్ ప్రెస్, స్పేర్ పార్టుల ర్యాకులు, గోడకి వరసగా తగిలించిన స్పెషల్ టూల్స్... ఒక మోస్తరు డీలర్‌షిప్ వెనక ఉండే సామానుతో రెండు మూడు చిన్న గ్యారేజీలు నిలబెట్టొచ్చు. 2009లో అమెరికాలో దివాలా ప్రక్రియలో ఉన్న క్రైస్లర్ ఒకేసారి 789 డీలర్‌షిప్‌లతో ఒప్పందాలు తెంచుకుంది. వాళ్లలో కొందరు సర్వీసింగ్ పని సొంతంగా నడుపుకున్నా, అంతమంది ఒకే కాలంలో ఖాళీ చేయాల్సి వస్తే సామాను ఏ ధరకి పోతుందో మీరే ఊహించుకోవచ్చు.

అయితే చవగ్గా దొరికిందని ఎగబడి కొంటే తర్వాత ఏడుపే. వర్క్‌షాప్ సామానులో కొన్న ధర చిన్నది. ఊడదీయడం, మోయడం, మన షెడ్డులో మళ్లీ బిగించడం, కరెంటు కలపడం, ఇవన్నీ కలిపితే ముప్పావలా కోడికి మూడు రూపాయల దిష్టి అన్నట్టు అవుతుంది. అందుకే ఈ పని ఏ వరసలో చేయాలో చెబుతున్నాను. వరస తప్పొద్దు.

ముందు మీ షెడ్డు కొలవండి

సామాను చూడకముందే ఇది చేయాలి. పైకప్పు ఎత్తు, గుమ్మం వెడల్పు, ఫ్లోరు కాంక్రీటు మందం, మీకు ఉన్న కరెంటు సింగిల్ ఫేజా త్రీ ఫేజా, ఎంత లోడు మంజూరైంది. ఈ ఐదూ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

పైన అడ్డదూలం ఉండే టూ పోస్ట్ (రెండు స్తంభాల) లిఫ్టుకి చాలా మోడళ్లలో సుమారు 12 అడుగుల ఎత్తు కావాలి. అంత లేకపోతే కేబుళ్లు, హోసులు కింద నేల మీంచి పోయే రకం వెతుక్కోవాలి. కాంక్రీటు విషయంలో 4500 కిలోల తరగతి టూ పోస్ట్ లిఫ్టులకి మాన్యువల్స్‌లో సాధారణంగా కనిపించే కనీస లెక్క 4 అంగుళాల మందం, 3000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) బలం. అది కనీసం మాత్రమే, మీరు కొనే మోడల్ మాన్యువల్ ఏం చెబితే అదే ఆఖరి మాట. మందం తెలియకపోతే అంచుకి దూరంగా ఒకచోట చిన్న రంధ్రం వేసి చూడండి, అంచున కనిపించే మందాన్ని నమ్మొద్దు, ఎందుకంటే అంచు దగ్గర లావుగా పోసి మధ్యలో పలచగా పోసిన ఫ్లోర్లు చాలా ఉంటాయి.

నేను మొదటిసారి ఇలా కొన్నప్పుడు కొలతలన్నీ తీసుకెళ్లాను, కరెంటు సంగతి ఒక్కటి మర్చిపోయాను. పెద్ద కంప్రెసర్, ఎంతో బాగా నడుస్తోంది, తెచ్చుకున్నాను. తెచ్చాక చూస్తే త్రీ ఫేజ్ మోటారు, నా దగ్గర సింగిల్ ఫేజ్. మోటారు మార్చేదాకా అది మూలన కవరు కప్పుకుని పడుంది. డీలర్‌షిప్‌లలో పెద్ద మెషిన్లు ఎక్కువగా త్రీ ఫేజ్ మీదే నడుస్తాయి కాబట్టి మోటారు ప్లేటు చదవకుండా దేనికీ ధర చెప్పొద్దు. మోటారు మార్చడం, సింగిల్ ఫేజ్ నుంచి త్రీ ఫేజ్ తయారుచేసే వీఎఫ్‌డీ గానీ ఫేజ్ కన్వర్టర్ గానీ పెట్టడం, ఏ దారైనా ఖర్చే. ఆ ఖర్చు ముందే తెలిస్తే బేరం వేరుగా ఉంటుంది.

ఇది అమ్మే హక్కు ఎవరికుందో తేల్చుకోండి

షోరూమ్‌లో ఉన్నదంతా ఓనరుది కాదు. కొన్ని మెషిన్లు లీజు మీద ఉంటాయి. కొన్ని బ్యాంకుకి తాకట్టులో ఉంటాయి. ఆయిల్ ట్యాంకులు, పంపులు, పైనుంచి వేలాడే హోస్ రీళ్లు చాలాచోట్ల ఆయిల్ సప్లై చేసేవాళ్లు తమ ఆయిలే కొనాలనే షరతు మీద వాడుకోవడానికి ఇచ్చినవి. పార్టులు కడిగే మెషిన్ సర్వీస్ కాంట్రాక్టు వాళ్లది కావచ్చు. కొన్ని స్పెషల్ టూల్స్, డయాగ్నస్టిక్ పరికరాలు కంపెనీకి తిరిగి ఇచ్చేయాలని డీలర్ ఒప్పందంలోనే రాసుకుని ఉండొచ్చు. ఇక చక్రాల మీద తిరిగే పెద్ద టూల్ బాక్సులు కొన్ని దేశాల్లో మెకానిక్‌ల సొంతం, వాళ్లు సొంత డబ్బుతో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నవి. అవి అమ్మకపు జాబితాలో కనిపిస్తే పక్కనున్న మెకానిక్‌ని ఒక మాట అడగండి, తర్వాత గొడవ పడేకన్నా అది నయం.

చేయాల్సింది తేలికే. కొనే ప్రతి వస్తువుకీ సీరియల్ నంబరుతో సహా బిల్లు తీసుకోండి, దీని మీద ఏ అప్పూ ఏ హక్కూ లేదని అమ్మేవాళ్ల చేత రాయించుకోండి, పెద్ద వస్తువైతే మీ దేశంలో తాకట్టు రిజిస్టర్ చూసే వీలుంటే చూడండి. దివాలా ద్వారా అమ్ముతుంటే చాలాసార్లు అమ్మేది ఓనరు కాదు, కోర్టు నియమించిన అధికారి. ఓనరుతో నోటిమాటగా కుదుర్చుకున్న బేరం అక్కడ చెల్లదు.

కరెంటు తీసేయకముందే వెళ్లండి

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ఇదే. షోరూమ్ ఖాళీ అయ్యాక, మెయిన్ స్విచ్ దించేశాక, ఆ చీకట్లో టార్చిలైటు పట్టుకుని మెషిన్ చూడటం అంటే పెళ్లిచూపులు ఫోటోలో చూసినట్టే. పని నడుస్తున్న ఆఖరి వారాల్లో వెళ్లాలి. లిఫ్టు మీద కారుంటుంది, కంప్రెసర్ నడుస్తుంటుంది, ఏ మెషిన్ దగ్గర క్యూ ఉందో, ఏ మెషిన్ మీద దుమ్ము పేరుకుందో కంటికి కనిపిస్తుంది.

అక్కడి మెకానిక్‌లతో మాట్లాడండి. మర్యాదగా మాట్లాడండి, ఎందుకంటే మీకు అది బేరం, వాళ్లకి ఉద్యోగం పోతున్న వారం. టీ తాగుతూ నాలుగు మంచి మాటలు మాట్లాడితే ఏ లిఫ్టు ఆయిల్ కారుతుందో, ఏ వీల్ బ్యాలెన్సర్ తప్పు చూపిస్తుందో, దేన్ని ఈమధ్యే రిపేరు చేయించారో వాళ్లే చెబుతారు. మీకు పనివాళ్లు అవసరమైతే ఆ మాట కూడా అక్కడే అడగండి. పదేళ్లుగా ఆ మెషిన్ నడిపిన మనిషి మెషిన్‌తో పాటు మీ దగ్గరికి రావడం కన్నా మంచి బేరం ఉండదు.

వేలంలో కొంటుంటే ముందు రోజు చూడనిచ్చే సమయం ఉంటుంది, దాన్ని వదులుకోవద్దు. ఫోటోలు చూసి పాడటం వద్దే వద్దు.

లిఫ్టు చూసే పద్ధతి

దీనికి ఎక్కువ సమయం పెట్టండి, సగం రోజు పోయినా పర్లేదు. మిగతా మెషిన్ చెడిపోతే పని ఆగుతుంది, లిఫ్టు చెడిపోతే కింద మనిషి ఉంటాడు.

మొదట ప్లేటు చదవండి. మోడల్, సీరియల్ నంబరు, తయారైన ఏడాది, ఎంత బరువు మోస్తుంది. అమెరికా వైపు ఏఎల్ఐ (అక్కడి లిఫ్టు తయారీదారుల సంఘం) సర్టిఫికేషన్ లేబుల్, యూరప్ అయితే సీఈ గుర్తు, లిఫ్టుల భద్రతకి అక్కడున్న ఈఎన్ 1493 ప్రమాణం కనిపించాలి. ప్లేటే లేకపోతే ఆ లిఫ్టు వదిలేయండి, ఎందుకంటే ప్లేటు లేనిదానికి మాన్యువల్ దొరకదు, సరైన కేబుల్ దొరకదు, రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు ఒప్పుకోరు.

తర్వాత దాని మీద కారు ఎక్కించి ఎత్తమనండి. కళ్లు మూసుకుని వినండి. రెండు స్తంభాల్లోనూ కారు జారిపడకుండా ఆపే లాక్ పళ్లు దాటుతుంటే టక్, టక్ అని చప్పుడు వస్తుంది. రెండు వైపులా ఒకేసారి పడితే సరి. ఒకటి ముందు, ఒకటి వెనక పడుతుంటే రెండు వైపులనీ సమంగా లేపే కేబుళ్లు సాగాయి. సర్దుబాటుతో పోవచ్చు, కేబుళ్లే మార్చాల్సి రావచ్చు. ఒక వైపు చప్పుడే రాకపోతే లాక్ పనిచేయడం లేదు, లేదా ఎవరో గొళ్లేన్ని కట్టేశారు. అలా కట్టేసినది కనిపిస్తే ఇంకేమీ చూడొద్దు, బయటికొచ్చేయండి, ఎందుకంటే లాక్‌ని కట్టేసిన వర్క్‌షాప్‌లో మిగతా సామానుని ఎలా చూసుకుని ఉంటారో తెలిసిపోయినట్టే.

కారు పైన ఉండగా లాక్ మీద దించకుండా, హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడి) మీదే ఆపి, స్తంభం మీద సుద్దముక్కతో గీత గీయండి. పావుగంట ఆగి చూడండి. ఈలోపు కారు కిందకి ఎవరూ వెళ్లకూడదు. గీత నుంచి కిందకి జారితే సిలిండర్ సీళ్లు లేదా వాల్వు పోయినట్టు. అది బాగుచేయించుకోవచ్చు, కాబట్టి ధర తగ్గించమనండి.

కారు దించాక, కరెంటు ఆపాక, కేబుల్ పొడవునా ఒక పాత గుడ్డ పట్టుకుని మెల్లగా లాగండి. ఒట్టి చేత్తో వద్దు. తెగిన తీగ ఒక్కటున్నా గుడ్డ దారం పీకి పట్టుకుంటుంది, కంటికి కనబడనిది అలా దొరికిపోతుంది. కారుని కింద నుంచి మోసే లిఫ్టు చేతులు ఒక్కోటి పైకి ఎత్తి కిందకి ఊపండి, పిన్ను రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటే వదులు తెలుస్తుంది. లిఫ్టు కొద్దిగా పైకి లేచాక చేతులు పక్కకి కదలకుండా ఆపే పళ్లచక్రాలు ఉంటాయి, అవి పట్టుకుంటున్నాయో లేదో తోసి చూడండి. ఇంక వెల్డింగ్ చేసిన చోట్లన్నీ, ముఖ్యంగా చేతుల మొదట్లో, బేస్ ప్లేటు దగ్గర, పక్క నుంచి లైటు వేసి చూడండి. పెయింటు మీద వెంట్రుకంత సన్నని తుప్పు గీత కనిపిస్తే లోపల పగులు ఉన్నట్టే అనుకోండి. కొత్తగా పెయింటు వేసి అమ్ముతున్న లిఫ్టంటే నాకు అనుమానమే.

నేల లోపల పాతిన లిఫ్టులు ఉంటాయి. ఉచితంగా ఇచ్చినా వద్దు. తవ్వాలి, కింద మట్టిలోకి ఆయిల్ దిగి ఉంటే ఆ గోల వేరే.

కంప్రెసర్

ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది, బయట మెరుస్తూ ఉన్నా నమ్మలేం. కింద ఉన్న డ్రెయిన్ వాల్వు తిప్పండి. కొంచెం నీళ్లొస్తే మామూలే. కాఫీ రంగు నీళ్లు, తుప్పు రేకులతో కలిసి చాలాసేపు కారుతుంటే దాన్ని రోజూ ఎవరూ ఖాళీ చేయలేదని అర్థం. ట్యాంకుకి ఎక్కడైనా అతుకు వెల్డింగ్ కనిపిస్తే వద్దు, గాలి ట్యాంకు పేలితే బాంబే. బాగున్న ట్యాంకునైనా వాడే ముందు నీటి ఒత్తిడి పరీక్ష చేయించండి, సేఫ్టీ వాల్వు కొత్తది వేయండి.

తర్వాత ఖాళీ ట్యాంకుతో మొదలుపెట్టి, అది నిండి కంప్రెసర్ ఆగిపోయేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోన్లో కొలవండి. కంపెనీ చెప్పిన సమయం కన్నా బాగా ఎక్కువ పడితే వాల్వులు, రింగులు అరిగాయి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. స్క్రూ కంప్రెసరైతే గంటల మీటరు చూడండి, దాని ఎయిర్ ఎండ్ (గాలిని నొక్కే ముఖ్యభాగం) బాగుచేయించే ఖర్చు కొన్నిసార్లు మీరిచ్చే ధరని దాటిపోతుంది.

చక్రాల మెషిన్లు

బ్యాలెన్సర్‌కి ఒక పరీక్ష చాలు. ఒక చక్రం బిగించి బరువులు పెట్టి సున్నా వచ్చేదాకా బ్యాలెన్స్ చేయండి. నట్టు వదులు చేసి, చక్రాన్ని షాఫ్టు మీద సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి తిప్పండి. మళ్లీ సున్నా లేదా దాని దగ్గర వస్తే మంచిది. పది గ్రాములు దాటి చూపిస్తే చక్రాన్ని షాఫ్టు మధ్యలో కూర్చోబెట్టే కోన్‌లు అరిగాయి లేదా షాఫ్టు వంగింది. కోన్‌లైతే మార్చుకోవచ్చు, షాఫ్టైతే ఆలోచించండి. టైర్ చేంజర్‌లో చక్రాన్ని తిప్పే పళ్లెం ఊగడం, దాన్ని పట్టే దవడల పళ్లు, సిలిండర్ల గాలి లీకు చూస్తే సరిపోతుంది.

అలైన్‌మెంట్ మెషిన్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఒక కారు ఎక్కించి కొలిచి, దించి, మళ్లీ ఎక్కించి కొలవండి. రెండుసార్లూ డిగ్రీలో పదో వంతు లోపు తేడాతో వస్తే కొలత నమ్మొచ్చు. ఆ తర్వాత అసలు ప్రశ్న: సాఫ్ట్‌వేర్ లైసెన్సు మీ పేరు మీదకి మారుతుందా, కార్ల డేటా అప్‌డేట్ ఇంకా వస్తుందా, ఏ విండోస్ మీద నడుస్తోంది? కెమెరాలు, చక్రాలకి తగిలించే టార్గెట్లు ఎంత బాగున్నా లోపలి కంప్యూటర్ పాతదైపోయి కొత్త కార్ల కొలతలు లేకపోతే మీరు కొన్నది ఖరీదైన ర్యాకు మాత్రమే. మెషిన్ కంపెనీకి మీరే ఫోన్ చేసి సీరియల్ నంబరు చెప్పి అడగండి.

ఏసీ గ్యాస్ మెషిన్ కూడా అంతే, అది ఏ గ్యాస్‌కో చూసుకోండి. యూరప్‌లో 2017 జనవరి నుంచి కొత్త కార్లలో ఆర్134ఎ గ్యాస్ వాడకం ఆగిపోయింది. చాలా కొత్త కార్లలో ఉండే ఆర్1234వైఎఫ్ కొద్దిగా మండే గుణం ఉన్నది, దానికి దాని మెషినే వాడాలి.

డీలర్ల స్కానర్లకి, ల్యాప్‌టాప్‌లకి డబ్బు పెట్టొద్దు. లాగిన్ డీలర్ అకౌంటుకి ముడిపడి ఉంటుంది. అకౌంటు మూసేశాక అది పనిచేయదు.

ఎవరూ చూడని మూల

నాకు ఇష్టమైనది ఇదే. అందరూ లిఫ్టుల చుట్టూ మూగుతారు. మీరు పార్టుల గదిలోకి, స్పెషల్ టూల్స్ ఉన్న గోడ దగ్గరికి వెళ్లండి.

పార్టుల గదిలో బరువైన స్టీలు సొరుగుల క్యాబినెట్లు, ర్యాకులు, వర్క్ బెంచీలు ఉంటాయి. చెడిపోవడానికి ఏమీ లేనివి, కరెంటు అడగనివి, క్యాలిబ్రేషన్ అడగనివి. కొత్తవి కొంటే ఎంతో తెలిసినవాళ్లు వీటిని వదలరు.

గోడ మీద, పెట్టెల్లో నంబర్లు వేసి ఉండే టూల్స్ ఆ బ్రాండ్ కోసమే చేసినవి: టైమింగ్ బిగించేటప్పుడు క్యామ్‌షాఫ్ట్‌ని కదలకుండా పట్టుకునేవి, ఒక్క మోడల్ గేర్‌బాక్సుకే సరిపోయే పుల్లర్లు, సీలు కొట్టే అచ్చులు. షోరూమ్ పోయినా ఆ కార్లు రోడ్డు మీద ఇంకా ఏళ్ల తరబడి తిరుగుతాయి, వాటి ఓనర్లు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక వెతుక్కుంటారు. ఆ పని మీరు చేయాలనుకుంటే ఈ పెట్టెల కన్నా విలువైనది ఆ ప్రాంగణంలో ఇంకోటి లేదు. విడివిడిగా పాడితే సెట్టు చెదిరిపోతుంది, మొత్తం గోడంతా కలిపి అడగండి, నంబర్ల జాబితా, రిపేరు పుస్తకాలు ఉంటే అవీ తీసుకోండి.

పెయింట్ బూత్ జోలికి, మీకు దాని పని బాగా తెలిస్తే తప్ప, వెళ్లొద్దు. వాడిన ఆయిల్ ఉన్న ట్యాంకుని ఖాళీ చేసి ఇస్తేనే తీసుకోండి, లేకపోతే ఆ వ్యర్థం పారవేసే బాధ్యత మీ నెత్తిన పడుతుంది.

ధర కట్టే తీరు

కొత్తది ఎంతో తెలుసుకోండి. అందులోంచి ఊడదీసే కూలి, లారీ, క్రేన్ లేదా ఫోర్క్‌లిఫ్టు, కొత్త బోల్టులు, కేబుళ్లు, సీళ్లు, ఎలక్ట్రీషియన్, క్యాలిబ్రేషన్ తీసేయండి. మిగిలినదాంట్లో సగం దాటి పెట్టొద్దు, ఎందుకంటే వారంటీ లేదు. వేలంలో అయితే పాడిన ధర మీద కొనుగోలుదారు కమీషన్ ఉంటుంది, చాలాచోట్ల పది శాతం, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది, ఆ పైన పన్ను. షరతుల్లో ఎన్ని రోజుల్లో తీసుకెళ్లాలో రాసి ఉంటుంది, గడువు దాటితే వస్తువూ పోతుంది డబ్బూ పోతుంది. ఊడదీసేవాళ్లకి ఇన్సూరెన్స్ ఉండాలంటారు, అదీ చూసుకోండి. మీ ఆఖరి అంకె కాగితం మీద రాసుకుని వెళ్లండి, పాట వేడెక్కాక బుర్ర పనిచేయదు.

ఊడదీయడం, మళ్లీ నిలబెట్టడం

కరెంటు తీగలు మీరు ముట్టుకోవద్దు, ఎలక్ట్రీషియన్ చేత విడదీయించి ఆయన చెప్పాకే మొదలుపెట్టండి. ప్రతి హోసు, ప్రతి కేబుల్ దారి, ప్రతి స్విచ్ వైరు ఫోటో తీయండి, జతలకి ఒకే రంగు పెయింటు చుక్క పెట్టండి. టూ పోస్ట్ లిఫ్టు మొత్తం బరువు 700 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, ఒక్కో స్తంభం పైభాగం బరువుగా ఉండి తూలుతుంది. ముందు స్తంభానికి ఫోర్క్‌లిఫ్టు బెల్టు కట్టి బిగించి, ఆ తర్వాతే బోల్టులు వదులు చేయాలి. నలుగురు మనుషులు పట్టుకుంటారులే అని మొదలుపెట్టినవాళ్లకి కాళ్లు విరిగాయి.

నేలలోని పాత యాంకర్ బోల్టులు అక్కడే వదిలేయండి. ఒకసారి బిగించినవి మళ్లీ వాడకూడదు, మీ షెడ్డులో కొత్తవే వేయాలి, మాన్యువల్ చెప్పిన సైజు, చెప్పిన లోతు, పగుళ్లకి, జాయింట్లకి చెప్పినంత దూరం. కొత్తగా కాంక్రీటు పోస్తే 28 రోజులు ఆగండి, ఎవరెంత తొందరపెట్టినా. స్తంభాలు నిలువుగా ఉన్నాయో లేదో లెవెల్ పెట్టి చూసి, షిమ్ములు (కింద పెట్టే పలచటి రేకులు) వేసి, ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచితోనే బిగించండి. కేబుళ్లు సర్ది, లాకుల చప్పుడు రెండు వైపులా కలిసేదాకా ఖాళీగానే పది ఇరవై సార్లు ఎత్తి దించండి.

మొదటి కారు మోకాలి ఎత్తుకి లేపి ఊపి చూడండి. తర్వాత పూర్తిగా ఎత్తి, లాకుల మీదకి దించి, దూరంగా నిలబడి ఒక గంట గమనించండి. తెలిసిన లిఫ్టు ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించి చూపించి, కాగితం తీసుకున్నాకే కిందకి మనిషిని పంపండి. కొన్ని రోజులు వాడాక టార్క్ రెంచి తీసుకుని ప్రతి యాంకర్ బోల్టూ ఇంకోసారి చూడండి, తేదీ స్తంభం మీదే మార్కర్‌తో రాసిపెట్టండి.